అమ్మ మాను ఎక్కిన యాళ

ఆ ఏడు ఎండాకాలం మా ఇంట్లో మామిడికాయల మాట కంటే ఎక్కువగా నలిగిన మాట ఒకటే. మనిషి ఏ యాళ చదివితే బుర్రకెక్కుతాది?

చదవాల్సింది నేను గాదు. మా అమ్మ.

నవ్వొద్దు. ఎనభై రెండో సంవత్సరం మాట ఇది. చిత్తూరు నుంచి పెనుమూరు పొయ్యే దోవలో మా ఊరు. ఆపీసరమ్మ ఒకామె జీపులో వచ్చి, మీ ఊరికి అంగన్‌వాడీ ఇస్తా ఉండాము, ఊర్లో టెంతు పాసైన ఆడమనిషి ఉంటే ఆమెకే పోస్టు, లేకుంటే పక్కూర్నించి తెచ్చుకుంటాం అని చెప్పింది. మా అమ్మ జ్ఞానాంబకు తొమ్మిదిలో ఉండంగానే పెండ్లి చేసేసినారు. అయినా అమ్మ, జీపు కదిలే ముందర దాని పక్కకు పొయ్యి, "మేడం, నేను ప్రైవేటుగా కడతా, పాసైతే నాకిస్తారా?" అని అడిగేసింది. అడిగిన సంగతి మా నాయన దొరస్వామికి ఊర్లోవాళ్ళు చెప్తే తెలిసింది. ఆయన గడ్డం గోక్కుంటా, "రాస్తే రాసుకో. నేనేమన్నా వద్దంటినా?" అన్నాడు. వద్దనకుండా ఉండేదే మా నాయన ఇచ్చే పెద్ద వరం.

మార్చిలో రాసింది. అన్నీ పాసయ్యి లెక్కలు పోయింది. ఇంక సెప్టెంబర్లో ఆ ఒక్క పరీక్షా రాయాల. ఆపీసరమ్మ దీపావళి దాకా చూస్తానంది. ఆ పైన పక్కూరామె పేరు రాసేస్తాదంట. అమ్మకు ఉన్నింది ఆ ఒక్క అవకాశమే, అది పోతే మళ్ళా జీపు మా ఊరికి రాదు.

అప్పుడు నేను పదో తరగతిలోకి వస్తా ఉండా. నా పేరు పంకజాక్షి. అమ్మకూ నాకూ ఒకే లెక్కల పుస్తకం. లెక్కలంటే నాకు భయం లేదు, అందుకని అమ్మకు నేనే అయ్యోరు. నేను పక్కన కూచోని చెప్తే టకటకా అర్థమయ్యేది. తీరా తానుగా చెయ్యమంటే, సమీకరణంలో అంకెను ఎడం పక్కనుంచి కుడి పక్కకు తెచ్చే తలికి కూడికను తీసివేత చెయ్యడం మరిచిపొయ్యేది. తప్పు ఎందుకు పోతా ఉండాది? ఇంట్లో అందరికీ దానికి జవాబు తెలుసు. యాళ మంచిది గాదు. మరి ఏది మంచి యాళ అంటే మాత్రం ఒకరి మాట ఒకరికి పొసగదు.

మా తాత మునిరామయ్య వయసులో ఉన్నప్పుడు భారతం ఆడినోడు. మా పక్క ఎండాకాలమొస్తే ద్రౌపదమ్మ గుడి కాడ భారతం జరుగుతాది గదా, దాంట్లో ఆయనది అర్జునుడి వేషం. తాటిమాను అంత పొడుగు తపస్సు మానును నిలబెడితే, పద్యాలు పాడుకుంటా దాని కొనదాకా ఎక్కి, కింద జనం మీదికి నిమ్మకాయలూ పూలూ విసిరేది మా తాతే. "ఆ పద్యాలన్నీ తెల్లారుజామున బావిలో మెడ దాకా దిగి బట్టీ పట్టినోడ్ని. సదువుకు యాళంటే అదేనమ్మా. మిగతావన్నీ ఉత్తుత్తివి" అని తేల్చేసినాడు.

"ఆయన మాటలు నమ్మొద్దు. దీపం పెట్టే యాళ సరస్వతి ఇంట్లోకొస్తాది. అప్పుడు కూచో" అనింది మా అవ్వ రాఘవమ్మ.

"మధ్యాన్నమైతే అందరూ కునుకు తీస్తా ఉంటారు. అప్పుడు సదువుకోరాదా?" అన్నాడు నాయన.

మా సైన్సు అయ్యోరు శాంతయ్య తరగతిలో ఒక మాట చెప్పినాడు. దేని వల్ల ఏమయిందో తెలియాలంటే ఒక్కటే మార్చాల, మిగతాది కదిలించగూడదు. ఆ మాట నా బుర్రలో పేనుమాదిరి పట్టుకోనుండాది. ఇంట్లో ఇంతమంది ఇన్ని యాళలు చెప్తా ఉంటే, అన్నిట్నీ వరసగా పరీక్షకు పెట్టేస్తే పోలేదా? సెలవలు గదా, నాకూ పొద్దు పోవాల. మనిషి అదే, పుస్తకం అదే, లెక్కలు అదే మాదిరివి. యాళ ఒక్కటే మారుస్తా. ఏ యాళకు తప్పులు తగ్గుతాయో చూస్తా.

"నన్ను కప్పను కోసినట్టు కోస్తావంటే" అనింది అమ్మ నవ్వతా. కానీ ఒప్పుకునింది.

మొదట తాత యాళ. కోడి కూసే తలికి అమ్మ నడవలో బుడ్డి దీపం ముందర కూచునింది. నేను ఆమె పక్కనే దుప్పటి కప్పుకోని కూచున్నా. ఊరంతా సద్దు లేదు. ఇదే మంచి యాళ, తాత చెప్పింది నిజమే అనుకుంటా ఉండా. ఇంతలో తిన్నె మీద నుంచి ఆయన గొంతే ఇనపడింది.

"జ్ఞానమ్మా, లేచినావా?"

"లేచినా మామా."

"సదువుతా ఉండావా?"

"సదువుతా ఉండా మామా."

"సదువు సదువు. బంగారం అట్లా యాళ." ఒకసారి దగ్గి, "ఎట్లా లేచే ఉండావు గదా, రెండు గుక్కలు కాపీ కాంచి ఇచ్చేసి సదువుకోమ్మా" అన్నాడు.

కాపీ అయ్యే తలికి అవ్వ లేచింది. లేచినదానివి వాకిట్లో పేడనీళ్ళు చల్లరాదా అనింది. చల్లి వచ్చే తలికి బర్రె అరిచింది. ఆ వారం అమ్మ చేసిన లెక్కల్లో ఒప్పులను ఏరుకోవాల్సి వచ్చింది.

సరే, అవ్వ యాళ. దీపం పెట్టి, దేవుని పటానికి దండం పెట్టి అమ్మ కూచునింది.

"మే జ్ఞానా, ఉప్పు యాడ పెట్టినావే?"

"ఎప్పుడూ పెట్టే తావే అత్తా."

"ఈడ లేదే."

అమ్మ లేచి పొయ్యి అవ్వ చేతి పక్కనే ఉన్న ఉప్పు చట్టి చూపించి వచ్చింది. కలం పట్టుకునిందో లేదో, నాయన తోపు నుంచి వచ్చినాడు.

"ఏమ్మే, నా తువ్వాలు యాడ?"

"మీ భుజం మింద ఉండాది చూడండి."

మధ్యాన్నం యాళ ఇంగా అన్యాయం. బేనీషా మామిడికాయలు కోతకొచ్చినాయి. తోపులో కూలోళ్ళు, చిత్తూరు మండీకి పొయ్యే గంపలు, గంపల్లో పరిచేదానికి గడ్డి, అన్నీ మా వాకిట్లోనే. కునుకు తీసేవాళ్ళు తీస్తా ఉంటారు నిజమే, కానీ లేచినోళ్ళంతా "అక్కా, రవ్వన్ని నీళ్ళు" అని వస్తా ఉంటారు. ఆ వారం కూడా తప్పులే.

ఒకరోజు పుస్తకం మూసేసి, "ఇది యాళ తప్పు గాదేమో పంకజా, బుర్ర తప్పేమో. మీ తాత బావిలో దిగి నేర్చుకున్నాడు. నేను సముద్రంలో దిగినా నాకు రాదేమో" అనింది అమ్మ. నవ్వతా చెప్పాల్సిన మాటే అది. ఆమె నవ్వలేదు. అమ్మ ఈ పుస్తకం మళ్ళా తెరవదేమో అనిపించింది.

తెరవలేదు కూడా. ఎందుకంటే ఆ మర్నాడు ఇంటికి దూరమైంది.

అప్పట్లో మా ఇండ్లలో నెలకు మూడు దినాలు ఆడోళ్ళు పెరటి పంచలో గోనెపట్ట మీద వేరేగా కూచోవాల. వంటింట్లోకి రాగూడదు, బిందె తాకగూడదు, పసుపూ కుంకమా ముట్టగూడదు. పుస్తకం అంటే సరస్వతి, దాన్ని అసలే ముట్టగూడదని అవ్వ కచ్చితంగా చెప్పేసింది.

దూరం నుంచి గిన్నెలో సంగటి పెట్టేదానికి పోయినప్పుడు అమ్మ నన్ను పిలిచింది.

"పంకజా, సీమసున్నం ఉండాదా?"

"ఉండాది. ఎందుకు మా?"

"ఈ బండ మింద లెక్క ఒకటి రాయి. మీ అవ్వ పుస్తకం ముట్టుకోవద్దనింది. బండ ముట్టుకోవద్దనలేదు గదా."

పెరటి పంచలో నల్లబండలు పరిచి ఉన్నాయి. నేను నా పక్క బండ మీద ఒక సమీకరణం రాసినా, సీమసున్నం దొర్లించినా. అమ్మ తన పక్క బండ మీద చేసింది. ఒప్పు. ఇంకొకటి రాసినా. ఒప్పు. సాయంత్రం దీపాల యాళ రాసినా, ఒప్పు. మర్నాడు కోడి కూసినాక రాసినా, ఒప్పు. మధ్యాన్నం ఎండ పంచ మొదట్లోకి వచ్చినాక కష్టమైంది ఒకటి ఇచ్చినా. ఆమె ఆ బండ నిండా రాసి, పక్క బండ మీదికి పొయ్యి, అడుగున జవాబు రాసి దానికింద గీటు గీసింది. నేను పుస్తకం వెనక తీసి చూసినా. సరింగా అదే.

"మా!" అన్నా.

"ఏమ్మే, తప్పా?"

"తప్పు గాదు మా. ఒక్కటీ తప్పు గాదు."

అమ్మ తను రాసిందాన్ని తనే వింతగా చూసుకునింది. నాకైతే పిచ్చి పట్టినట్టయింది. మూడు యాళలూ ఒప్పే! అట్లయితే నేను ఇన్ని వారాలు చేసిన పరీక్ష ఏమైనట్టు? శాంతయ్య అయ్యోరి లెక్కన ఏదో ఒకటి మారి ఉండాల. యాళలు అవే, మనిషి అదే. ఏం మారింది?

మీరు నవ్వినా సరే, మొదట నేను గోనెపట్టను అనుమానించినా. నాలుగో దినం అమ్మ తలకు పోసుకోని ఇంట్లోకి వచ్చినాక, ఆ గోనెపట్టనే ఉతికి ఆరేసి నడవలో పరిచి కూచోబెట్టినా.

"ఇదేందే?"

"కూచో మా, చెప్తా."

కూచునింది. లెక్క మొదలుపెట్టింది. రెండో వరస రాస్తా ఉంటే లోపల్నించి అవ్వ, "మే జ్ఞానా, రాగులు కొలిచే శేరు కనపడలేదే" అనింది. అమ్మ లేచి పొయ్యింది. తిరిగొచ్చి, మూడో వరస రాయాల్సిన తావులో మళ్ళా రెండో వరసే రాసింది.

నేను ఆ గోనెపట్టను మడిచి లోపల పెట్టేసినా.

మర్నాడు పొద్దున్నే ఒక ముంత తీసుకోని, చింతపిక్కల గంప పక్కన కూచున్నా. ఎవురన్నా అమ్మను పిలిస్తే ఒక పిక్క ముంతలో. జ్ఞానమ్మా అంటే ఒకటి, మే జ్ఞానా అంటే ఒకటి, ఏమ్మే అంటే ఒకటి, అక్కా అంటే ఒకటి. దూరం నుంచి దగ్గితే పిలిచినట్టా కాదా అని సందేహమొచ్చింది. తాత దగ్గితే అమ్మ నీళ్ళు తీసుకోని పోతాది, కాబట్టి అదీ పిలిచినట్టే అని ఏసేసినా. మధ్యాన్నానికే ముంత నిండిపొయ్యింది. ఇంకో ముంత తెచ్చుకున్నా.

పొద్దు మునగక ముందే మగోళ్ళు అన్నానికి కూచున్నారు. అమ్మ బర్రె కాడికి పొయ్యుండాది. నేను రెండు ముంతలూ తెచ్చి తాత ముందర గుమ్మరించినా.

"ఏందిమే ఇది? పచ్చీసు ఆడదామనా?" అన్నాడు తాత.

"పొద్దున్నించి మనం అమ్మను పిలిచిన పిలుపులు తాతా."

నాయన నోట్లో ముద్ద అట్లే ఉండిపొయ్యింది. తాత ఆ కుప్ప పక్క చూసి, "దీంట్లో నావెన్ని?" అన్నాడు.

"ఎవురివి ఎన్నో ఏరలేదు. అన్నీ కలిసిపొయ్యుండాయి."

"ఆ మండీవాళ్ళవే ఎక్కువుంటాయి" అన్నాడు నాయన.

"నేనేమో అవసరమైతే తప్ప పిలవను" అనింది అవ్వ వడ్డిస్తా.

"నేను దగ్గుతానే గానీ పిలవను గదా" అన్నాడు తాత. అంటూనే నా మొగం చూసినాడు. నేను పిక్కల పక్క చూసినా. ఆయనకు ఎక్కడో తగిలింది. తలకాయ ఊపుకుంటా, చెయ్యి కడుక్కోకుండానే నాయన పక్క తిరిగినాడు.

"ఒరే దొరసామీ, నేను తపస్సు మాను ఎక్కినప్పుడు కింద ఎంతమంది జనం ఉండేది?"

"ఇసకేస్తే రాలనంత జనం."

"అందరూ గోవిందా గోవిందా అని అరుస్తారు. అంతేగానీ, 'ఒరే మునిరామా, ఇంట్లో దూడ తప్పించుకునింది, దిగిరా' అని పిలిచినోడు ఎవుడన్నా ఉండాడా?"

"ఎట్లా పిలుస్తారు నాయనా? మాను మింద ఉంటే అర్జునుడు గదా."

"అద్దీ! మీ అమ్మ నొప్పులు పడతా నిన్ను కన్నప్పుడు గూడా నేను మాను మిందే ఉండా. దిగినాకే చెప్పినారు. జ్ఞానమ్మను మనం మాను ఎక్కనిచ్చేదే లేదు. ఎక్కినా దిగిరా అని పిలస్తా ఉండాము. ఇంక తపస్సు యాడ చేస్తాది?"

అమ్మ అప్పుడే పాలచెంబుతో వాకిట్లోకి వచ్చింది. అందరూ ఆమె పక్కే చూస్తా ఉంటే బిత్తరపొయ్యింది.

"ఏం మామా, ఏమన్నా కావాల్నా?"

"ఏమొద్దు. నీకు ఏ యాళ బాగుంటాదో చెప్పు. తెల్లారా, మధ్యాన్నమా, దీపాల యాళా? నువ్వు ఆ యాళ మాను ఎక్కినావంటే ఈ ఇంట్లో నిన్ను ఒక్కడూ పిలవగూడదు."

ఇన్ని వారాలు అందరం యాళలు చెప్పినాం, నేనైతే పరీక్షలు గూడా పెట్టినా. నీకు ఏది బాగుంటాది అని ఆమెను అడిగింది అదే మొదలు. అమ్మ పాలచెంబు అట్లే పట్టుకోని ఆలోచించింది.

"పొద్దు పది గంటల యాళ మామా. నేను బడికి పొయ్యేటప్పుడు లెక్కలు ఆ యాళకే చెప్పేది."

పది గంటలంటే కూలోళ్ళకు సంగటి గెలికే యాళ. అంత పెద్ద చట్టిలో, పొయ్యి ముందర నిలబడి, తెడ్డుతో గెలకాల. అవ్వకు మోకాళ్ళ నొప్పులు. ఆమె పొయ్యి ముందర నిలబడి ఎన్నేండ్లో అయింది. నెలకు ఆ మూడు దినాలంటే నేనో పక్కింటోళ్ళో ఎట్లనో గెలికేస్తాం, దినామూ అంటే బడి తెరిచినాక యాడ కుదురుతాది?

"మానెక్కేది బాగానే ఉండాది. సంగటి ఎవురు గెలుకుతారంట, అర్జునుడా?" అనింది అవ్వ. అమ్మ తల వంచుకోని, "సరేలే అత్తా, మధ్యాన్నం చూసుకుంటా" అని లోపలికి పొయ్యింది.

నాకు ఏడుపొచ్చింది. పెరటి పంచలోకి పొయ్యి కూచున్నా. బండల మీద అమ్మ రాసిన లెక్కలు ఇంగా చెరిగిపోలేదు. రవ్వంత సేపటికి అవ్వ వచ్చి నిలబడింది. ఆమెకు చదువు రాదు. అయినా బండ తర్వాత బండ చూసుకుంటా పొయ్యింది.

"ఇవన్నీ ఆ మూడు దినాల్లో చేసిందా?"

"ఊఁ."

"అన్నీ సరింగా చేసిందా?"

"అన్నీ అవ్వా."

అవ్వ గోడ పట్టుకోని మెల్లింగా నా పక్కన కూలబడింది. "నాకు గూడా వయసులో ఉన్నప్పుడు ఆ మూడు దినాలే పండగ. ఎప్పుడొస్తాయా అని ఎదురు చూసేదాన్ని. ఎవురూ పిలవరు గదా. ఊరికే కూచోని చింతచెట్టు మింద చిలకల్ని చూస్తా ఉండేదాన్ని. అది తప్పేమో అనుకోని ఎవురికీ చెప్పలేదు" అనింది. చెప్పి, ముక్కు చీదుకోని లేచి పొయ్యింది.

మర్నాడు పది గంటలకు వంటింట్లో నుంచి తెడ్డు శబ్దం వస్తా ఉండాది. నడవలో కూచోనుండేది అమ్మ.

ఆ పొద్దు నుంచి సెప్టెంబర్ దాకా మా ఇంట్లో అదే మాట. అమ్మ మాను ఎక్కింది. వాకిట్లోకి ఎవురన్నా వస్తే తాత తిన్నె మీద నుంచే చెయ్యి ఎత్తి ఆపేస్తాడు. ఒకసారి నాయన పరిగెత్తుకుంటా వచ్చి "ఏమ్మే" అనేసినాడు. "మాను!" అని తాత అరిచిన అరుపుకు ఆయన మిగతా మాట మింగేసి, తనకు కావాల్సిన తాడు తనే వెతుక్కోని పొయ్యినాడు. బేనీషా కాయలు అయిపోయినాయి, బెంగుళూరా కాయలు వచ్చినాయి, అవీ అయిపోయినాయి. అవ్వ సంగటి మొదట్లో ఉండలు ఉండలుగా ఉండేది. కూలోళ్ళు గుసగుసలాడుకున్నారు గానీ ఎదురుగా అనే ధైర్యం ఎవురికుండాది? అమ్మ తప్పులు మాత్రం రోజురోజుకూ తగ్గిపొయ్యినాయి. నేను పక్కన లేకుండానే చేసేది.

పరీక్ష చిత్తూర్లో. నాయన, అమ్మ, నేను ముగ్గురం పొద్దున బస్సుకు పొయ్యినాం. బడి గేటు కాడ అంతా నా ఈడు పిల్లకాయలే. అమ్మ కొంగు భుజం నిండా కప్పుకోని వాళ్ళ మధ్యలో లోపలికి పొయ్యింది. నాయనా నేనూ బయట అంగడి బెంచీ మీద కూచున్నాం. ఆయన మాటిమాటికీ లేచి గేటు దాకా పొయ్యి వస్తా ఉండాడు.

గంట కొట్టినారు. పిల్లకాయలంతా బయటికి వచ్చేసినారు. అమ్మ రాలేదు. శానా సేపటికి వచ్చింది. కండ్లు ఎర్రగా ఉండాయి, ముక్కు ఎర్రగా ఉండాది. నాయన మొగం పాలిపొయ్యింది.

"పోతే పోనీలేమే, ఏడవొద్దు. నేనేమన్నా అంటినా?"

"పోలేదు" అనింది అమ్మ. "అన్నీ వచ్చినాయి. అన్నీ రాసినా."

"మరి ఎందుకు ఏడస్తా ఉండావు?"

అమ్మ కొంగుతో మొగం తుడుచుకునింది. "గంట ముందరే అయిపొయ్యింది. ఇచ్చేసి రావచ్చు. రాబుద్ధి గాలేదు. ఆ బెంచీ మింద అట్లే కూచోనుండిపోయినా. మూడు గంటలు. ఒక్కరు గూడా నన్ను పిలవలేదు" అనింది. మళ్ళా ఏడుపొచ్చేసింది ఆమెకు.

తర్వాత నంబరు పేపర్లో వచ్చింది. దీపావళి ముందరే ఆపీసరమ్మ కాగితం పంపింది. మా ఊరి అంగన్‌వాడీలో అమ్మ పిల్లకాయల్ని చూసుకునేది మొదలుపెట్టింది. పది గంటల సంగటి ఆ పైన గూడా అవ్వదే. అదంతా తర్వాత.

ఆ పొద్దు మాత్రం మా బస్సు ఎదురుగా వచ్చి నిలబడింది. కండక్టరు "పెనుమూరు, పెనుమూరు" అని కేకలేస్తా ఉండాడు. అది పోతే మళ్ళా సాయంత్రమే. నాయన చెయ్యి ఎత్తి, "ఏమ్మే" అనబొయ్యి ఆగిపొయ్యినాడు. అమ్మ అంగడి బెంచీ మీద కూచోని, బడి పక్కే చూస్తా ఉండాది. నాయన చెయ్యి దించేసి, చప్పుడు గాకుండా వచ్చి ఆమె పక్కన కూచున్నాడు. బస్సు పొయ్యింది.

"నీకు ఎప్పుడు పోవాలనిపిస్తే అప్పుడు పోదాం" అన్నాడు.